వాడిన గ్రాఫిక్స్ కార్డును అమ్మే ముందు ఇంట్లోనే పరీక్షించే విధానం: శ్రీకాకుళం ఎండలను దృష్టిలో పెట్టుకుని

పాత గ్రాఫిక్స్ కార్డును అమ్మదలచినవారిలో చాలామంది చేసే పరీక్ష ఒక్కటే. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఏదో ఒక ఆటను పది నిమిషాలు నడిపి, బొమ్మ సవ్యంగా వస్తోందని తృప్తిపడి, ఫోటోలు తీసి అమ్మకానికి పెడతారు. నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. ఎచ్చెర్లలో చదువుకుంటున్న ఒక కుర్రాడికి ఒక ఫిబ్రవరిలో నేను అమ్మిన జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు అలా పరీక్షించినదే. ఏప్రిల్ రెండో వారంలో అతను ఫోన్ చేసి, "మాస్టారూ, అరగంట ఆడేసరికి తెర నిండా రంగు చుక్కలు వచ్చేస్తన్నాయండి, ఆపేసి చల్లారనిస్తే మళ్లీ బాగానే ఉంటంది" అన్నాడు. డబ్బు వెనక్కి ఇచ్చి కార్డు తెచ్చుకున్నాను.

తలుపు తీసిన క్యాబినెట్‌లో, ఉదయం పూట, ఇరవై నిమిషాలు నడిపినా ఒక్క చుక్క కూడా కనిపించలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు తలుపు బిగించి, గది ఫ్యాన్ ఒక్కటే వేసి నడిపితే ముప్పై అయిదో నిమిషంలో ఆకుపచ్చ చుక్కలు బారులుగా దిగాయి. కూలర్ విప్పి చూశాను. ఆ కార్డులో ఒక్కో జీబీ చొప్పున ఆరు మెమరీ చిప్‌లు ఉంటాయి. చిప్ వేడిని హీట్‌సింక్ అనే లోహపు రేకుల దిమ్మెకు చేర్చే మెత్తని థర్మల్ ప్యాడ్లలో అయిదింటి మీద చిప్ అచ్చు స్పష్టంగా దిగి ఉంది. ఆరో ప్యాడ్ మాత్రం పక్కకు జారిపోయి, దాని ఒక అంచున సన్నని గీత తప్ప మరే గుర్తూ లేదు. ఆ చిప్ వేడి హీట్‌సింక్‌కు చేరే దారే లేదన్నమాట. అమ్మే ముందు ప్రధాన చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చినప్పుడు ఆ ప్యాడ్‌ను జరిపినది నేనే.

అప్పటినుంచి నేను పాటిస్తున్న నియమం ఇది: కొన్నవారి ఇంట్లో కార్డు ఏ పరిస్థితిలో పనిచేయబోతోందో, అదే పరిస్థితిలో మన ఇంట్లో దానిని పరీక్షించాలి. మన జిల్లాలో ఆ పరిస్థితి అంటే ఉక్కపోత, ఏసీ లేని గది, తలుపు మూసిన క్యాబినెట్, గంటసేపు ఎడతెగని ఆట. ఈ పద్ధతికి ఒక సెలవురోజు మొత్తం పడుతుంది. ఉదయం శుభ్రపరచడం, గుర్తించడం. మధ్యాహ్నం వేడి పరీక్ష. సాయంత్రం మెమరీ, పోర్టులు, ఫ్యాన్లు.

ముందుగా కరెంటు సంగతి

కార్డు తీసే ముందు కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) వెనుక ఉన్న స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఆ తరువాత పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దానితో పోతుంది.

ఎర్తింగ్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉంది. పాత ఇళ్లలో చాలాచోట్ల మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గాని దాని పై రంధ్రానికి వైరు ఉండదు. అలాంటి ఇంట్లో క్యాబినెట్ ఇనుప రేకును వేలితో తాకితే చిన్నగా జిల్లుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి లీకయ్యే కరెంటు భూమిలోకి పోలేక రేకు మీద నిలిచి ఉండడమే దానికి కారణం. ఆ స్థితిలో కంప్యూటర్ ఆన్‌లో ఉండగా టీవీకో మానిటర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టడం, తీయడం చేస్తే పోర్టు దెబ్బతినవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ సరిచేయించుకోవడం ఉత్తమం. అంతవరకు కేబుళ్లు మార్చేటప్పుడు రెండు వైపులా ప్లగ్గులు తీసి ఉంచండి.

యూపీఎస్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్ల వరకే మోయగలవు. 185 వాట్ల ఆర్‌ఎక్స్ 580 కార్డు, ప్రాసెసర్, మానిటర్ అన్నీ ఒకేసారి పూర్తి లోడు మీద ఉండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ చేతులెత్తేసి కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోవచ్చు. దానిని కార్డు లోపంగా పొరబడకూడదు. పరీక్ష నడుస్తుండగా కరెంటు పోయి వచ్చినట్లయితే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోకుండా మొదటినుంచి చేయండి.

కంటితో చూడడం, శుభ్రపరచడం

కార్డును పగటి వెలుతురులో, కిటికీ దగ్గర పట్టుకుని చూడాలి. మొదట వెనుక ఉన్న ఇనుప బ్రాకెట్‌ను, స్క్రూలను చూడండి. కళింగపట్నం, బారువ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో వాడిన కార్డులకు స్క్రూ తలల మీద తుప్పు, పోర్టుల అంచున తెల్లని పొడి కనిపిస్తుంటాయి. బ్రాకెట్ మీది తుప్పు కార్డు పనితీరును చెడగొట్టదు గాని, ఉప్పుగాలి లోపలికీ చేరి ఉంటుందన్న హెచ్చరికగా దానిని తీసుకోవాలి. తరువాత పవర్ కనెక్టర్ లోపలికి టార్చి వేసి చూడండి. ఏదైనా ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారినా, కరిగినా, ఆ కార్డును అలాగే అమ్మకూడదు. పీసీఐఈ స్లాట్ నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల కనెక్టర్ నుంచి 75 వాట్లు, ఎనిమిది పిన్నుల కనెక్టర్ నుంచి 150 వాట్లు తీసుకునేలా కార్డులను రూపొందిస్తారు. పాత హార్డ్‌డిస్క్ వైర్ల నుంచి అడాప్టరుతో ఎనిమిది పిన్నులకు కరెంటు ఇచ్చినచోట ఈ కాలిన గుర్తులు కనిపించే అవకాశం ఎక్కువ. మీరు పరీక్షించేటప్పుడు కూడా అలాంటి అడాప్టరు వాడవద్దు.

దుమ్ము దులపడానికి మెత్తని పెయింట్ బ్రష్, గాలి ఊదే బ్లోయర్ చాలు. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని కదలకుండా ఉంచాలి. వదిలేస్తే ఫ్యాన్ తన మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిపింజలా పేరుకుని ఉంటే బ్రష్‌ను రేకుల వెంబడి నిలువుగా నడపండి, అడ్డంగా రుద్దితే రేకులు వంగుతాయి. స్లాట్‌లో దిగే బంగారురంగు అంచు మసకబారి ఉంటే మెత్తని తెల్ల రబ్బరుతో ఒకే దిశలో తేలికగా రుద్ది, ఆ పొట్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మన రిపేరు షాపుల్లో ఈ రబ్బరు పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అయితే గట్టి ఇంకు రబ్బరు వాడితే పైపూత అరిగిపోతుంది కనుక దానిని దూరంగా ఉంచండి.

థర్మల్ పేస్టును అమ్మే ముందు తప్పనిసరిగా మార్చాలని చాలామంది సలహా ఇస్తారు. నేను అలా చెప్పను. వేడి పరీక్షలో కార్డు బాగానే ఉంటే కూలర్ విప్పకండి. విప్పితే ప్యాడ్లు చిరగవచ్చు, జరగవచ్చు, వారంటీ స్టిక్కరు పోవచ్చు. నా కార్డుకు జరిగినది అదే.

కార్డు తానేమిటో తానే చెప్పుకోవాలి

కార్డు పెట్టి, కంప్యూటర్ ఆన్ చేయగానే బయాస్ తెరను జాగ్రత్తగా చూడండి. విండోస్ రాకముందే, అంటే డ్రైవర్ ఇంకా పని మొదలుపెట్టకముందే, అక్షరాల మధ్య చుక్కలో నిలువు గీతలో కనిపించాయంటే కేబుల్‌నూ మానిటర్‌నూ మార్చి చూడండి. అప్పటికీ అవి పోకపోతే తప్పు కార్డులోనే ఉంది, ఏ సాఫ్ట్‌వేరూ దానిని సరిచేయలేదు.

తరువాత డీడీయూ అనే ఉచిత సాధనంతో పాత డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో పూర్తిగా తొలగించి, తయారీదారు సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేయండి. ఆఫ్టర్‌బర్నర్ వంటి కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్లలో మీరు పెంచుకున్న క్లాక్ (చిప్ వేగం), తగ్గించుకున్న వోల్టేజీ ఉంటే అన్నిటినీ డిఫాల్ట్‌కు తెచ్చేయండి. మీ సెట్టింగులు కార్డుతోపాటు కొన్నవారి ఇంటికి వెళ్లవు.

ఇప్పుడు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాధనం తెరవండి. చిప్ పేరు, మెమరీ పరిమాణం, మెమరీ రకం, బస్ వెడల్పు (చిప్‌కూ మెమరీకీ మధ్య దారి), షేడర్ల (బొమ్మ లెక్కలు చేసే చిన్న భాగాల) సంఖ్య ఒకే తెరలో కనిపిస్తాయి. జీటీఎక్స్ 1660 సూపర్ అయితే 1408 షేడర్లు, 6 జీబీ జీడీడీఆర్6, 192 బిట్ల బస్ ఉండాలి. వేరే చిప్‌కు పెద్ద పేరు తగిలించిన నకిలీ ఎన్విడియా కార్డులను ఈ సాధనం చాలావరకు గుర్తించి, పేరు ముందు నకిలీ అన్న హెచ్చరికను చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 విషయంలో మరొక మెలిక ఉంది. అసలైన 580లో 2304 షేడర్లు ఉంటాయి. అదే పేరుతో 2018లో చైనా మార్కెట్ కోసం వచ్చిన రకంలో 2048 మాత్రమే ఉంటాయి, దాని బలం ఆర్‌ఎక్స్ 570తో సమానం. మీరు ఎవరి దగ్గరో కొన్న కార్డు ఆ రెండో రకమైతే తెలియక పూర్తి 580 ధర అడిగే ప్రమాదం ఉంది.

బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడిలో 16 లేన్లు (కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారులు) ఉండవలసినచోట 8 గాని 4 గాని కనిపిస్తే బంగారు అంచు మురికిగా ఉండవచ్చు, స్లాట్‌లో సరిగా దిగకపోయి ఉండవచ్చు, మీ మదర్‌బోర్డు స్లాటే అంత వెడల్పు ఇవ్వకపోవచ్చు. కొన్ని మోడళ్లు 8 లేన్లకే తయారవుతాయి కనుక ముందు కార్డు వివరాలు చూసుకోండి. పనిలేనప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం లింకు వేగాన్ని తగ్గించుకుంటుంది. గడి పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి చిన్న రెండర్ పరీక్ష నడిపితేనే అసలు వేగం తెలుస్తుంది.

2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకుని, గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చేసే (లెక్కలు చేయించి నాణేలు సంపాదించే) అవసరమే లేకుండా చేసింది. ఆ తరువాత మైనింగ్‌లో వాడిన కార్డులు ఎన్నో చేతులు మారాయి. ఆర్‌ఎక్స్ 470, 480, 570, 580 కార్డులకు మైనింగ్ కోసం మార్చిన బయాస్ (కార్డు లోపలే ఉండి దానిని నడిపే ప్రోగ్రామ్) ఎక్కించడం అప్పట్లో మామూలు విషయం. అలాంటి కార్డు ఆటల్లో తడబడవచ్చు. జీపీయూ-జెడ్‌లో కనిపించే బయాస్ వెర్షన్‌ను అదే మోడల్ అసలు వెర్షన్‌తో పోల్చి, తేడా ఉంటే కొనేవారికి తప్పకుండా చెప్పండి. మైనింగ్ చేసినంత మాత్రాన కార్డు పనికిరానిది కాదు. దాచడమే తప్పు.

మధ్యాహ్నం రెండింటికి చేసే పరీక్ష

ఇక్కడినుంచే అసలు పని. క్యాబినెట్ తలుపు బిగించండి. గదిలో ఏసీ ఉంటే ఆపండి. కంప్యూటర్‌కు గాలి లోపలికి పోయే వైపున ఒక థర్మామీటరు ఉంచి గది ఉష్ణోగ్రత రాసుకోండి. గది ఉష్ణోగ్రత చెప్పకుండా కార్డు ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పడంలో అర్థం లేదు. జనవరిలో 24 డిగ్రీల గదిలో 66 చూపిన కార్డే మే నెలలో 36 డిగ్రీల గదిలో దాదాపు 78 చూపిస్తుంది; కార్డు మారలేదు, గాలి మారింది. కనుక కార్డు ఉష్ణోగ్రత నుంచి గది ఉష్ణోగ్రతను తీసివేసి ఆ తేడాను నమోదు చేయండి. విశాఖలో ఏసీ గదిలో వాడేవారికైనా, పలాసలో రేకుల ఇంట్లో వాడేవారికైనా ఆ ఒక్క అంకె ఉపయోగపడుతుంది.

ఉష్ణోగ్రతలు, వోల్టేజీలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాధనంలో సెన్సర్ల కిటికీ తెరిచి, రీడింగులు ఫైలులో చేరేలా లాగింగ్ మొదలుపెట్టండి. తరువాత కార్డుకు ఆటలాంటి భారీ పని పెట్టే యూనిజిన్ హెవెన్ అనే పరీక్ష నడపండి. 2009 నాటిదైనా ఉచితంగా, ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది కనుక మన పనికి సరిపోతుంది. పూర్తి తెరలో, అత్యధిక సెట్టింగుల్లో, కనీసం ఒక గంట ఉంచండి. కార్డు ప్రధాన చిప్ వేడెక్కడానికి అయిదారు నిమిషాలు చాలు. మెమరీ చిప్‌లు, వోల్టేజీ భాగాలు, క్యాబినెట్ లోపలి గాలి స్థిరపడడానికి అరగంట పైనే పడుతుంది. నా కార్డు ముప్పై అయిదో నిమిషంలో బయటపడిందని గుర్తుంచుకోండి.

ఆ గంటలో గమనించవలసినవి మూడు. ఉష్ణోగ్రత పెరిగి ఒకచోట నిలబడాలి. అరగంట దాటాక కూడా ఎక్కుతూనే ఉంటే గాలి అందడం లేదు లేదా పేస్టు ఎండిపోయింది. జీటీఎక్స్ 10, 16 శ్రేణుల కార్డులు చాలావరకు 83 డిగ్రీల ప్రాంతంలో తమ వేగాన్ని తామే తగ్గించుకోవడం మొదలుపెడతాయి, కనుక క్లాక్ మెట్లుమెట్లుగా దిగుతోందేమో చూడండి. రెండోది హాట్‌స్పాట్, అంటే చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు. దానిని చూపించే కార్డుల్లో చిప్ మామూలు ఉష్ణోగ్రత రీడింగుకూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా 20 డిగ్రీలను బాగా మించిపోతే పేస్టు సమంగా పరుచుకోలేదని నేను అనుమానిస్తాను. మూడోది మెమరీ ఉష్ణోగ్రత. ఆర్‌టీఎక్స్ 3080, 3090 వంటి జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ ఉన్న కార్డుల్లో ఇది 110 డిగ్రీలకు చేరితే కార్డు వేగం తగ్గించుకుంటుంది. 1660 సూపర్ వంటి వాటిలో మెమరీ సెన్సర్ కనిపించదు. అందుకే అక్కడ ఓర్పుగా గంటసేపు తెర చూడడం తప్ప దారి లేదు.

గంట పూర్తయ్యాక, కార్డు చల్లారకముందే, ఫర్‌మార్క్ నడపండి. బొచ్చు కప్పిన గారెలాంటి బొమ్మ గిరగిర తిరుగుతుంది. ఇది మామూలు ఆటలకంటే ఎక్కువ కరెంటు లాగించే పరీక్ష, కనుక పదిహేను నిమిషాలు చాలు, రాత్రంతా వదిలేయడం మంచిది కాదు. ఈ సమయంలో 12 వోల్టుల రీడింగు 11.4 కంటే కిందికి దిగకూడదు. దిగితే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించి, మరొక మంచి ఎస్‌ఎంపీఎస్‌తో మళ్లీ చూడండి.

పరీక్ష ముగిశాక విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. డిస్‌ప్లే అన్న పేరుతో 4101 నంబరు నమోదు ఉంటే డ్రైవర్ స్పందించడం ఆపి మళ్లీ కోలుకుందని అర్థం. విండోస్ మామూలుగా రెండు సెకన్లు ఎదురుచూసి డ్రైవర్‌ను తిరిగి లేపుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వచ్చినందున మీరు గమనించకపోవచ్చు గాని, లాగ్‌లో సమయంతో సహా ఉంటుంది.

మెమరీ పరీక్ష, చుక్కల మూలం కనిపెట్టే కిటుకు

వీడియో మెమరీని ప్రత్యేకంగా పరీక్షించాలి, ఎందుకంటే ఆట ఆ మెమరీలో ప్రతి మూలనూ తాకదు. ఓసీసీటీ అనే సాధనంలో దీనికోసమే ఒక పరీక్ష ఉంది. మెమ్‌టెస్ట్ వల్కన్ అనే చిన్న ఉచిత సాధనం కూడా ఉంది. ఏదో ఒకటి అరగంట నడపండి, అదీ కార్డు వేడిగా ఉన్నప్పుడే. తప్పుల లెక్క సున్నా ఉండాలి. ఒక్క తప్పు వచ్చినా, అన్ని సెట్టింగులూ డిఫాల్ట్‌లో ఉన్నాయని నిర్ధారించుకుని మళ్లీ నడపండి. రెండోసారీ తప్పు వస్తే ఆ కార్డును బాగున్న కార్డుగా అమ్మకూడదు.

తెర మీద చుక్కలో గళ్లో కనిపించినప్పుడు వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, దానిని ఫోనులోకి పంపి అక్కడ చూడండి. స్క్రీన్‌షాట్‌లోనూ చుక్కలు ఉంటే బొమ్మ తయారైనచోటే, అంటే చిప్‌లో గాని మెమరీలో గాని, తప్పు ఉంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి మానిటర్ మీద మాత్రమే చుక్కలు ఉంటే కేబుల్, పోర్టు, మానిటర్లలో ఒకటి కారణం. వంద రూపాయల కేబుల్ లోపానికి మంచి కార్డును చెడ్డదనుకునే ప్రమాదం ఈ చిన్న పనితో తప్పుతుంది.

పోర్టులు, ఫ్యాన్లు

ప్రతి పోర్టునూ విడివిడిగా, కనీసం అయిదు నిమిషాలు చూడండి. మనం రోజూ వాడేది ఒక్క హెచ్‌డీఎంఐ. మిగిలిన డిస్‌ప్లేపోర్టులు కొన్ననాటినుంచి మూతలు తీయకుండానే ఉంటాయి, కొన్నవారికి కావలసినది అదే కావచ్చు.

ఫ్యాన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌లో మనమే మార్చుతూ 30 శాతం నుంచి 100 వరకు కొద్దికొద్దిగా పెంచుతూ చెవి పెట్టి వినండి. ఏదో ఒక వేగం దగ్గర గరగరమన్నా, ఒక ఫ్యాన్ ఆలస్యంగా అందుకున్నా, బేరింగ్ అరిగిందని అర్థం. ఎన్నో మోడళ్లలో పని తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్లు అసలు తిరగవు. అది లోపం కాదని కొనేవారికి ముందే చెబితే ఆ రాత్రి మీకు ఫోను రాదు. ఎక్కువ ఫ్రేములు వచ్చినప్పుడు సన్నగా ఈలలాంటి శబ్దం వస్తే అది కార్డులోని కాయిల్ (తీగచుట్ట) నుంచి వచ్చేది. హాని లేదు గాని, చెప్పి అమ్మాలి.

లోపం కనిపిస్తే

వేడి ఎక్కువై, మెమరీలో తప్పులు లేకపోతే అప్పుడు మాత్రమే కూలర్ విప్పండి. విప్పే ముందు కార్డును పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేస్తే పాత పేస్టు మెత్తబడి కూలర్ తేలికగా వస్తుంది. ప్లగ్గు తీశాకే విప్పాలి. ఫ్యాను వైరు చాలా పొట్టిగా ఉంటుంది, కూలర్‌ను ఒక్కసారిగా లాగవద్దు. ప్రతి ప్యాడ్ ఏ చిప్ మీద ఉందో ఫోటో తీయండి, అచ్చు దిగిందో లేదో చూడండి. ప్యాడ్ మందం మోడల్‌ను బట్టి మారుతుంది. అర మిల్లీమీటరు ఎక్కువైతే కూలర్ ప్రధాన చిప్‌కు ఆనదు, తక్కువైతే మెమరీకి ఆనదు. తిరిగి బిగించేటప్పుడు నాలుగు స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పండి. ఆ తరువాత మధ్యాహ్నపు పరీక్ష మొత్తం మళ్లీ చేయాలి. నా 1660 సూపర్‌కు కొత్త ప్యాడ్లు వేసి, రెండు మధ్యాహ్నాలు నడిపాను. 34 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలబడింది, ఒక్క చుక్కా రాలేదు.

మెమరీ తప్పులు ఉన్న కార్డును విడిభాగాల ధరకు, లోపం రాసి, రిపేరు చేసేవారికి అమ్మండి. కార్డును ఓవెన్‌లో పెట్టి కాల్చే పద్ధతి గురించి వింటుంటాం. అది కొద్దిరోజులు పనిచేసినట్టు కనిపించి మళ్లీ చెడుతుంది. అలా లేపిన కార్డును అమ్మడం కొన్నవారిని మోసం చేయడమే.

అప్పగింత

అమ్మకపు వివరాల్లో బిల్లు తేదీ, మిగిలిన వారంటీ, గది ఉష్ణోగ్రత, కార్డు ఉష్ణోగ్రత, రెండింటి తేడా, మెమరీ పరీక్ష ఫలితం, కూలర్ విప్పారా లేదా అన్నవి రాయండి. జీపీయూ-జెడ్ తెర ఫోటోలో ఆనాటి తేదీ కనిపించాలి. సీరియల్ నంబరును దగ్గరగా ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, ప్రకటనలో మాత్రం పెట్టవద్దు. కార్డు తిరిగి వచ్చినప్పుడు అదే కార్డో కాదో తేల్చేది ఆ నంబరే.

కొనేవారు పట్టణంలోనివారైతే ఇంటికి పిలిచి, మూసిన క్యాబినెట్‌లో అరగంట నడిపి చూపించండి; ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి చేతులు మార్చుకునే బేరంలో వారికి చూసుకునే అవకాశమే ఉండదు. టెక్కలికో రాజాంకో ఆర్టీసీ కార్గోలో పంపవలసి వస్తే కార్డును యాంటీస్టాటిక్ సంచిలో పెట్టి, పోర్టులకు మూతలు పెట్టి, ఫ్యాన్ల వైపు బరువు పడకుండా బబుల్ ర్యాప్ చుట్టి, కదలని అట్టపెట్టెలో ఉంచండి. వానాకాలమైతే ఆ పెట్టెను మరొక ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. ఏసీ గది నుంచి తెచ్చిన కార్డును ఉక్కగా ఉన్న గదిలో వెంటనే పెట్టకుండా, సంచిలోనే ఒక గంట ఉంచి తరువాత తీయమని కొన్నవారికి చెప్పండి, లేకుంటే దాని మీద తేమ పడుతుంది.

నేను ఇప్పుడు ఏడు రోజుల గడువు ఇస్తున్నాను. ఆ ఏడు రోజుల్లో ఒక మధ్యాహ్నం, తమ క్యాబినెట్ తలుపు మూసి, తమ ఎస్‌ఎంపీఎస్ మీద గంటసేపు హెవెన్ నడిపి, గది ఉష్ణోగ్రతతో సహా స్క్రీన్‌షాట్ పంపమని కొన్నవారిని అడుగుతాను. వారు పంపిన తేడా నా తేడాకు అయిదారు డిగ్రీల లోపు ఉంటే సరే. అంతకు మించితే ముందుగా వారి క్యాబినెట్ ఫ్యాన్ల దిశ చూడమంటాను, అప్పటికీ తగ్గకపోతే కార్డు వెనక్కి తెప్పించుకుంటాను.